డబ్బా లెక్క

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు సెలవిచ్చారు. గుర్రం గుడ్డిది కాకుండా, చూపు మహా చురుకుగా ఉండి, వయసు ఏడాది నిండీ నిండనిదై, పైగా దాణా ఎక్కడ దాస్తున్నారో రోజూ గమనిస్తూ ఉంటే యజమాని గతి ఏమవుతుందో మాత్రం వారు చెప్పకుండా వదిలేశారు. ఆ లోటు తీర్చే భారం, నా ప్రమేయం లేకుండానే, నా నెత్తిన పడింది.

మా ఆడ గుర్రప్పిల్ల పేరు మెరుపు. ఆ పేరుకు తగిన వేగాన్ని అది దాణా డబ్బా చప్పుడు విన్నప్పుడు తప్ప ఏనాడూ ప్రదర్శించలేదు. మా దగ్గరికి వచ్చేనాటికి దాని పక్కటెముకలు దూరం నుంచి లెక్కపెట్టుకోవడానికి వీలుగా ఉండేవి. వెనకభాగం ముందుభాగం కన్నా ఎత్తుగా లేచి, ఎవరో రెండు వేర్వేరు గుర్రాలను తెచ్చి మధ్యలో అతికించినట్టు కనబడేది. ఏడాది వయసుకు గుర్రప్పిల్ల పూర్తి ఎత్తులో దాదాపు 90 శాతం అందుకుంటుందనీ, బరువు మాత్రం ఇంచుమించు మూడింట రెండు వంతుల దగ్గరే ఆగి ఉంటుందనీ, కాబట్టి ఆ వయసులో అది నిచ్చెనకు తోలు కప్పినట్టు ఉండటంలో వింతేమీ లేదనీ నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, చూడవచ్చిన ప్రతివారూ ముందు దాని పక్కటెముకల వంకా, తర్వాత నా పొట్ట వంకా చూసి, పైకి ఏమీ అనకుండా నిట్టూర్చడం.

ఆ నిట్టూర్పులు భరించలేక శాస్త్రాన్ని ఆశ్రయించాను. గుర్రాల ఒంటి పుష్టిని 1 నుంచి 9 దాకా అంకెలతో కొలిచే పద్ధతిని 1983లో హెన్నెకీ, ఆయన సహచరులు ప్రకటించారు. ఎముకల గూడుకు 1, కొవ్వు ముద్దకు 9; పక్కటెముకలు కంటికి కనబడకుండా చేతికి మాత్రం తగులుతుంటే 5. అవి చేతికి ఎలా తగలాలో తెలియడానికి ఒక సులువు కూడా ఉంది. పిడికిలి బిగించి కణుపుల మీద వేళ్లు ఆడిస్తే తగిలినట్టుగా ఉంటే గుర్రం చిక్కిపోయినట్టు; అరచెయ్యి కిందికి తిప్పి, వేళ్లు చాపి, వెనకవైపు నిమిరితే తగిలినట్టుగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఈ తేడా వంటబట్టడం కోసం నేను వారం రోజులు భోజనం దగ్గరా, నలుగురిలోనూ పిడికిలి బిగించి నిమురుకుంటూ కూర్చోగా, మా ఆవిడ మెల్లగా దగ్గరికి వచ్చి "ఎవరితోనైనా గొడవ పడ్డారా?" అని అడిగింది. అదే ఊపులో నా పక్కటెముకలు కూడా తడిమి చూసుకున్నాను. దొరకలేదు. ఆ కొలమానం మనుషుల కోసం చేసినది కాదని సమాధానపడి, మెరుపుకు 4 వేశాను.

ఇక 4ను 5 చేయడానికి ఉపాయాలు చెప్పేవారికి కొదవేమిటి! ఒకరు నూనె కలపమన్నారు. ఒకరు తవుడు పెట్టమన్నారు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఎదిగే ఎముకకు కాల్షియం ఎప్పుడూ భాస్వరం కన్నా ఒక పిసరు మిన్నగా అందాలి కాబట్టి ఆ సలహాను హుందాగా తోసిపుచ్చాను. ఈ ఒక్క సందర్భంలో కనబరచిన తెలివితో నా మీద నాకు విపరీతమైన నమ్మకం పుట్టుకొచ్చింది. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి. మూడో ఆయన "ఓట్స్‌లో పస ఏముందండీ, మొక్కజొన్న పెట్టి చూడండి" అనగానే, బస్తా తెప్పించాను.

దాణా కొలవడానికి నా దగ్గర రెండు లీటర్లు పట్టే పాత రేకు డబ్బా ఒకటి ఉంది. పొద్దున ఒక డబ్బా, సాయంత్రం ఒక డబ్బా. నిన్నటిదాకా ఓట్స్ పోసిన డబ్బాతోనే నేటినుంచి మొక్కజొన్న పోస్తాను. డబ్బా మారలేదు కాబట్టి లెక్కా మారలేదు. ఈ ఏర్పాటు మీద ఎంత గురి కుదిరిందంటే, వారంలో ఏడు రోజులకూ ఏడు గళ్లు గీసి, ప్రతి గడిలోనూ నా చేతిరాతతో "2 డబ్బాలు" అని రాసి, చిరకాలం నిలవాలని దానికి ప్లాస్టిక్ పూత వేయించి, దాణా గది తలుపుకు లోపలివైపు తగిలించాను. రెండు వారాల్లో మెరుపు పొట్ట గుండ్రబడింది. పక్కటెముకలు ఎక్కడివక్కడే ఉన్నాయి గానీ, పుష్టి కింది అంతస్తులో మొదలై పైకి వస్తుందని నాకు నేనే సిద్ధాంతం చెప్పుకున్నాను. దానికి హుషారు కూడా పెరిగింది. బకెట్లు తన్నడం, తోక ఎత్తి కారణం లేకుండా చిందులు వేయడం, నన్ను చూడగానే భుజం కొరకబోవడం వంటి ఆరోగ్య లక్షణాలు రోజురోజుకూ వృద్ధి పొందాయి.

దాణా గది గడియ సరిగ్గా గుర్రప్పిల్ల నోటికి అందే ఎత్తులో ఉందన్న సంగతి నేను గమనించలేదు. అది గమనించింది. ఒక రాత్రి పదకొండు గంటలకు ఏదో నమిలే చప్పుడు వినబడి లాంతరు పట్టుకుని వెళ్లేసరికి, తలుపు బార్లా తెరిచి ఉంది, ఆ ఉదయమే విప్పిన బస్తా నేలకొరిగి ఉంది, మెరుపు బస్తాలో కళ్లదాకా తలదూర్చి ఉంది. నేను కేక వేస్తే తల పైకెత్తింది. మూతి చుట్టూ పసుపుపచ్చని పిండి, కనురెప్పల మీద రెండు గింజలు, ముఖాన పుస్తకం చదువుతుండగా పిలిచినట్టు కొద్దిపాటి చిరాకు.

వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేశాను.

"ఎంత తినేసింది?" అన్నారాయన.

"తెలియదండీ, బస్తా పడేసింది."

"పోనీ, రోజూ ఎంత పెడుతున్నారు?"

"రెండు డబ్బాలండీ."

"డబ్బా అంటే ఎన్ని కిలోలు?"

జవాబుగా నేను డబ్బా ఆకారాన్ని వర్ణించడం మొదలుపెట్టాను. ఆయన ఓపికగా విని, కిలోల్లో చెప్పమన్నారు. తిన్నది కక్కించే ఉపాయం ఏదైనా చెప్పమని బతిమాలితే, గుర్రం వాంతి చేసుకోలేదనీ, లోపలికి పోయినది ముందుకే పోవాలనీ, చిన్నపేగులో అరగని పిండిపదార్థం కిందికి దిగి పెద్దపేగులో పులిస్తే కడుపునొప్పితో ఆగకుండా గిట్టల లోపలి పొరలు వాచే ప్రమాదం ఉందనీ, అందుకే తిన్నది ఎంతో ముందు తేల్చమనీ అన్నారు.

ఇంట్లో ఉన్న తూకం ఒక్కటే, మనుషులు ఎక్కి నిలబడేది. నేను ఉత్తి చేతులతో ఎక్కితే 92. నిండు డబ్బా చంకలో పెట్టుకుని ఎక్కితే 93.5. ఈ అంకెలు గట్టిగా చదువుతుంటే ఫోన్‌లో డాక్టరుగారు "మీ బరువు నాకు వద్దండీ, తేడా చెప్పండి" అన్నారు. నేల మీది గింజలను గడ్డి పరకలతో సహా ఊడ్చి బస్తాలోకి ఎత్తి, దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని మళ్లీ ఎక్కితే 112. బస్తా 25 కిలోలది, పగలు పెట్టిన రెండు డబ్బాలు 3 కిలోలు, మిగిలింది 20. అంటే దొంగతనం విలువ 2 కిలోలు. మెరుపు పక్కనే నిలబడి, నేను తూకం ఎక్కి దిగడాన్ని ఎంతో ఆసక్తిగా చూసింది.

"సాయంత్రపు కిలోన్నర మీద ఇంకో రెండు కిలోలా? వస్తున్నాను" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

వచ్చి, పొట్టకు రెండువైపులా చెవి గొట్టం పెట్టి విని, గిట్టలు వేడెక్కాయేమో తడిమి చూసి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం దింపారు. ఆ పెనుగులాటలో మెరుపు కాలు కింద పడి నా డబ్బా పళ్లెమయింది. చేతులు కడుక్కుంటూ ఆయన చెప్పినదాని సారాంశం ఏమిటంటే, ఆ డబ్బాకు ఓట్స్ అయితే కిలోకు కాస్త తక్కువే పడుతుంది, మొక్కజొన్న కిలోన్నర పడుతుంది. పైగా కిలోకు కిలో చూసినా మొక్కజొన్నలోనే శక్తి ఎక్కువ. ఆ లెక్కన నేను డబ్బా మార్చకుండానే, ఒక్కరోజులో, మేతను ఇంచుమించు రెట్టింపు చేశాను. పెద్ద గుర్రం కడుపే 8 నుంచి 15 లీటర్లకు మించి పట్టదు. దాణా మార్చాలంటే వారం పది రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. ముందుకాళ్ల మోకాళ్ల దగ్గర నొక్కి చూసి, గింజలు అతిగా పెడితే ఎదిగే ఎముకల చివర్లు వాస్తాయనీ, ఇంకా అంతదాకా రాలేదనీ అన్నారు. గుండ్రని పొట్ట చూపించి "ఇదైనా బాగుపడింది కదండీ" అన్నాను ఆశగా. బిరుసైన బొచ్చు మీద చెయ్యి రాసి, "అది పుష్టి కాదండీ, పురుగులు అయి ఉంటాయి. లద్ది పరీక్షకు పంపండి" అన్నారు. పరీక్షలో ఏలికపాము గుడ్లు పుష్కలంగా కనిపించాయి. నేను కొన్న దాణాలో కొంత భాగం ఎవరికి అందిందో అప్పుడు తెలిసింది.

మందుచీటీలో మందు కన్నా గడ్డే ఎక్కువ ఉంది: మంచి ఎండుగడ్డి, అందులో కొంత లూసర్న్ అనే పప్పుజాతి మేత, అన్నీ కలిపి ఒంటి బరువులో నూటికి రెండు వంతులకు తగ్గకుండా, అంటే 250 కిలోల పిల్లకు రోజుకు 5 కిలోలు, తూచి. ఇంత ఖర్చుపెట్టి పిలిపించిన వైద్యుడు చివరికి గడ్డి పెట్టమనడం నాకు కొంచెం చిన్నతనంగా తోచింది.

వెళ్లబోతూ ఆయన తలుపు మీది పట్టికను చూసి ఆగారు. "ఈ మూల ఏమైంది?" అని అడిగారు. మంగళవారం తర్వాత గురువారం ఉంది. బుధవారం ఉండవలసిన చోట పళ్ల గాట్లు ఉన్నాయి. ఆయన ముఖం మొక్కజొన్న గురించి విన్నప్పటికన్నా గంభీరమయింది. ముక్క చిన్నదే గనుక బయటికి రావచ్చుననీ, అది వచ్చేదాకా ప్రతి లద్దినీ విడదీసి చూడమనీ చెప్పి వెళ్లారు.

రెండు పగళ్లు, రెండు రాత్రులు ఆ పని మీదే ఉన్నాను. గిట్టలు వేడెక్కలేదు, కడుపు నొప్పి రాలేదు, ఆకలి తగ్గలేదు. మూడో రోజు తెల్లవారుజామున కర్రపుల్లతో కెలుకుతుండగా బుధవారం బయటపడింది. కడిగి లాంతరు వెలుగులో పెట్టి చూశాను. ప్లాస్టిక్ పూత పుణ్యమా అని నా చేతిరాత ఒక్క అక్షరం కూడా చెదరలేదు: "2 డబ్బాలు."