టాపు లేని కారుకి విజయనగరం నుంచి ఒక లేఖ

ఓయ్ తేలికపాటి కాన్సెప్టు కారూ,

ముందు నమూనాగా చూపించే బండివి కదా నువ్వు, నీ ఫొటో చూపిస్తే మా బావ ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "బండి ఇంకా పూర్తవనేదేటి?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. తలుపుల్లేవు, టాపు లేదు, ముందు అద్దం ఉండాల్సిన చోట నాలుగు వేళ్ల ఎత్తు ప్లాస్టిక్ ముక్క. ఇన్ని తీసేశారు కదా, డబ్బులేమైనా తగ్గిస్తారా అంటే అబ్బే, బరువు తగ్గేకొద్దీ ధర పెరుగుతుందట.

నిన్ను మెచ్చుకోకుండా ఉండలేను, అది వేరే సంగతి. టాపు కోసేస్తే ఏ బండైనా గతుకుల్లో మెలికలు తిరుగుతుంది, దాన్ని ఆపడానికి కింద ఇనుము దట్టిస్తే తీసేసిన బరువంతా మళ్లీ వచ్చి కూర్చుంటుంది. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ అనే చిన్న స్పోర్ట్స్ కారుకి అల్యూమినియం పట్టీలను జిగురుతో అతికించి 68 కిలోల ఛాసిస్ (బండి అడుగు చట్రం) చేశారు, బండి మొత్తం కలిపి సుమారు 725 కిలోలు. జిగురుతో! కాకపోతే గట్టిదనం కోసం తలుపు కింది అంచుల్ని ఎంత ఎత్తు లేపారంటే, ముందు ఒక కాలు లోపల పెట్టి, నడుం మడిచి, స్టీరింగ్ కిందకి జారితే తప్ప సీటు అందదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కుదరదు, కొనేంత డబ్బు కూడేసరికి మోకాళ్లు ఎలాగూ పోతాయి. 1998లో దాని మీదే 340ఆర్ అని తలుపులూ టాపూ లేని కాన్సెప్టు చూపించి, తర్వాత 340 బళ్లు చేసి అమ్మేశారు కూడా.

టాపు లేని ప్రయాణం మాకేం కొత్త కాదులే. పైడితల్లమ్మ పండక్కి సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి గాల్లో కూర్చుని కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తారు, జనం అరటిపళ్లు విసురుతారు. ఆ రోజు మూడు లాంతర్ల సెంటర్ వైపు వచ్చావో, నీ సీటు నిండా అరటిపళ్లే.

అసలు సంగతి గజపతినగరం రోడ్డులో తెలుస్తుంది. ఉలవల కాలంలో మొక్కలు పీకి తెచ్చి తారురోడ్డు మీద పరిచేస్తారు. లారీలూ బస్సులూ తొక్కుకుంటూ పోతే కాయలు చిట్లి గింజలు రాలతాయి, పైసా ఖర్చు లేని నూర్పిడి. కార్లవాళ్లకి మాత్రం టెన్షన్, ఎండు తుప్ప సైలెన్సర్‌కి చుట్టుకుంటే మంట లేస్తుందని. జానెడు ఎత్తు లేని నీ పొట్ట కింద ఎంత చుట్టుకుంటుందో నువ్వే ఆలోచించుకో. పైనుంచి నీ నెత్తి మీద దుమ్ము, ఊక. పోనీ ఇంత కష్టపడి తొక్కినందుకు కాయలైనా చిట్లుతాయా, నీ బరువెంతని? రైతు కర్ర పట్టుకుని వచ్చి చెప్పేది ఒకటే మాట: "కాస్త పక్కకి తియ్యండి బాబూ, యెనకాల లారీ వస్తంది."