పీజీ ఎవరు అడిగారు?

కొన్నేళ్ల కిందట ఒక ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నాను. డేటా అనలిస్ట్ పోస్టు ఒక్కటే. వడపోతలన్నీ అయ్యాక బల్ల మీద రెండు రెజ్యూమెలు మిగిలాయి. ఒకటి స్టాటిస్టిక్స్‌లో పీజీ పూర్తిచేసిన అమ్మాయిది. రెండోది డిగ్రీతో ఆపేసి, రెండేళ్లుగా ఓ చిన్న కంపెనీలో అమ్మకాల లెక్కలు చూస్తున్న అబ్బాయిది. ఇద్దరికీ ఒకే పట్టిక ఇచ్చి, పోయిన నెల అమ్మకాలు ఉన్నట్టుండి రెట్టింపు ఎందుకయ్యాయని అడిగాం. అమ్మాయి సీజన్ ప్రభావం గురించి, ఏ గణాంక పరీక్షతో దాన్ని తేల్చాలో తడుముకోకుండా చెప్పింది. అబ్బాయి కాసేపు కాగితం కేసి చూసి, "బిల్లు నంబర్లు రెండేసి సార్లు పడ్డాయండీ. ఫైలు రెండుసార్లు ఎక్కించినట్టున్నారు" అన్నాడు. ఉద్యోగం అతనికే ఇచ్చాం.

ఇంతటితో ఆపేస్తే 'పీజీ దండగ' అనిపిస్తుంది. కానీ ఆర్నెల్లకు అదే విభాగంలో అంచనాల మోడళ్లు కట్టే పోస్టు పడింది. జీతం ఎక్కువ. అర్హతల్లో మొదటి గీతే 'పీజీ తప్పనిసరి'. లోపల ఉండి, పని తెలిసి కూడా ఆ అబ్బాయి దరఖాస్తు పెట్టలేకపోయాడు.

పీజీ చేస్తే ఉద్యోగావకాశాలు పెరుగుతాయా అన్న ప్రశ్నకు సూటి జవాబు దొరకనిది ఇందుకే. పీజీ కొన్ని తలుపులకు తాళంచెవి. మిగతా చోట్ల తలుపుకు తాళమే ఉండదు, తాళంచెవి పట్టుకుని మనమే ఊరికే నిలబడతాం.

ముందు అంకెలు చూద్దాం. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2023 లెక్కల ప్రకారం 25 ఏళ్లు, ఆపై వయసువారిలో డిగ్రీతో ఆగినవారి నిరుద్యోగం 2.2 శాతం, మాస్టర్స్ చేసినవారిలో 2 శాతం. వారానికి మధ్యస్థ సంపాదన, అంటే అందర్నీ వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారిది, డిగ్రీవారికి 1,493 డాలర్లు, మాస్టర్స్ వారికి 1,737. అంటే ఉద్యోగం దొరకడంలో తేడా వెంట్రుకవాసి. జీతంలో మాత్రం సుమారు 16 శాతం. పీజీని 'ఉద్యోగం కోసం' అని చదివేవాళ్లు ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఆ 16 శాతాన్నైనా పూర్తిగా చదువు ఖాతాలో వేయలేం. పీజీకి వెళ్లేవారు సగటున ముందునుంచే మంచి మార్కులవారు, ఇంట్లో కాస్త ఆసరా ఉన్నవారు. పీజీ చేయకపోయినా వాళ్లు అందరికన్నా నాలుగు రాళ్లు ఎక్కువే సంపాదించేవారేమో! బ్రిటన్‌లో ఇనిస్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ 2020లో సరిగ్గా ఇదే తవ్వింది. పాత మార్కులు, కుటుంబ నేపథ్యం లెక్కలోకి తీసుకునేసరికి మాస్టర్స్ వల్ల వచ్చే సగటు లాభం చాలావరకు కరిగిపోయింది. సబ్జెక్టును బట్టి మాత్రం భూమ్యాకాశాల తేడా కనిపించింది.

మరి కంపెనీలు పీజీ ఎందుకు అడుగుతాయి? ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. 2001లో ఆయనకు నోబెల్ రావడానికి అదీ ఒక కారణం. కొత్తగా వచ్చినవాడి సత్తా ఏమిటో యజమానికి తెలియదు. అందుకని సత్తా ఉన్నవాడికి తేలిగ్గానూ, లేనివాడికి కష్టంగానూ ఉండే ఒక గుర్తును వెతుక్కుంటాడు. చదువు అలాంటి గుర్తు. క్లాసులో నేర్చుకున్నది పనిలో అక్కరకు రాకపోయినా సరే, గుర్తుగా అది పనిచేస్తుంది.

ఇందులోనే ఒక చిక్కుంది. ఆ గుర్తు సంపాదించడం అందరికీ తేలికైపోతే దాని విలువ పోతుంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరు? ఒకప్పుడు డిగ్రీ చాలన్న గుమాస్తా పనికి ఇప్పుడు పీజీవాళ్లు బారులు తీరితే, పని మారకుండానే అర్హత పెరుగుతుంది. అప్పుడు పీజీ మనల్ని ముందుకు తీసుకెళ్లదు, వెనకబడకుండా ఆపుతుంది అంతే. నా మటుకు నాకు ఇందులో విద్యార్థి తప్పేమీ కనిపించదు. దరఖాస్తుల కుప్ప తగ్గించుకోవడానికి యాజమాన్యాలు ఎంచుకున్న సోమరి దారి ఇది.

తాళం నిజంగా ఉన్నచోట వాదనే లేదు. కాలేజీలో పాఠం చెప్పాలన్నా, క్లినికల్ సైకాలజిస్టు కావాలన్నా, వైద్యంలో స్పెషలిస్టు కావాలన్నా చాలా దేశాల్లో పై చదువు లేనిదే అడుగు పడదు. పరిశోధన ల్యాబుల సంగతీ అంతే. డిగ్రీలో ఒకటి చదివి వేరే రంగంలోకి దూకాలనుకునేవారికి కూడా పీజీ మంచి వంతెన. పీహెచ్‌డీది వేరే లోకం. ప్రొఫెసర్ పోస్టుల కన్నా పట్టాలు ఎక్కువ కావడంతో పోస్ట్‌డాక్‌ల (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన కొలువుల) చుట్టూ తిరుగుతూ ఏళ్లు గడిపేవారు కొల్లలు.

ఖర్చు లెక్క వేసేటప్పుడు అందరూ ఫీజు చూస్తారు. అసలు పెద్ద ఖర్చు ఆ రెండేళ్లు. రావలసిన జీతం, రావలసిన అనుభవం రెండూ పోతాయి. మాంద్యంలో అయితే ఈ లెక్క తిరగబడుతుంది. ఉద్యోగాలే లేనప్పుడు వదులుకునేదీ తక్కువే. అందుకే గడ్డురోజుల్లో పీజీ సీట్లకు గిరాకీ పెరుగుతుంది. కాకపోతే అదే ఆలోచన చేసినవాళ్లంతా రెండేళ్ల తర్వాత ఒకేసారి బయటికొస్తారు.

నన్నడిగితే ముందు పని, తర్వాత చదువు అంటాను. పేరున్న ఎంబీఏ కోర్సులు కొన్నేళ్ల అనుభవం ఉన్నవారినే ఇష్టపడటం ఊరికే కాదు. మా బోర్డు తీసుకున్న ఆ అబ్బాయి ఏడాదిన్నర పనిచేశాక సాయంత్రం కోర్సులో చేరతానని రికమెండేషన్ లెటర్ కోసం వచ్చాడు. ఏ కోర్సని అడిగితే ఫోన్‌లో తనకు అందకుండా పోయిన ఆ పాత ప్రకటన చూపించాడు. లెటర్ రాయడానికి నాకు పది నిమిషాలు పట్టలేదు.

చేరాలనుకునేవారు కాలేజీ బ్రోషర్‌లోని ప్లేస్‌మెంట్ శాతాన్ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. 'నూటికి తొంభై' అని వేసినప్పుడు ఆ నూరు ఎవరు? క్లాసులో ఉన్నవారందరా, ప్లేస్‌మెంట్‌కు పేరిచ్చినవారేనా? సగటు జీతమని వేస్తే, ఒకరిద్దరి భారీ ప్యాకేజీలు దాన్ని పైకి లాగాయేమో చూసుకోవాలి. మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంతొచ్చిందని అడగండి. అంతకన్నా మంచి పని ఇంకొకటుంది. రెండు బ్యాచ్‌ల కిందట అదే కోర్సు చదివినవాళ్లను నలుగురైదుగురిని పట్టుకుని ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కోండి. 'ఆ ఉద్యోగం పీజీ లేకుండా వచ్చేదా?' అన్నది వాళ్లను అడగాల్సిన ఆఖరి ప్రశ్న.