నాన్న సర్దిన పెట్టె

అమెరికా ప్రయాణమంటే మా ఇంట్లో రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు, వెరసి 46. మనిషి కణంలోనూ ఇదే లెక్క: అమ్మ తరఫున 23 క్రోమోజోములు, నాన్న తరఫున 23. ఇది కాకతాళీయమని శాస్త్రజ్ఞులు కొట్టిపారేస్తారు. ఎయిర్‌పోర్టు కౌంటర్ ముందు నేల మీద పెట్టె విప్పుకుని కూర్చున్నవాళ్లెవరూ అలా అనరు.

సరుకు చూడండి. ఆ క్రోమోజోముల్లో ఉండేది డీఎన్ఏ, అంటే జన్యువులన్నీ రాసి ఉన్న దారం. ఒక్కో కణంలోని డీఎన్ఏ సాగదీస్తే దాదాపు 2 మీటర్లు. దాన్ని కుక్కాల్సిన కేంద్రకం మామూలుగా మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. మా అమ్మ ఆవకాయ సీసాను తువ్వాలులో, తువ్వాలును చీరలో చుట్టినట్టే, కణం కూడా చుట్టడాన్నే నమ్ముకుంది. హిస్టోన్లనే ప్రోటీన్లు నాలుగు రకాలు, రకానికి రెండు చొప్పున ఎనిమిది కలిసి ఉండ కడతాయి. దాని మీద డీఎన్ఏ 147 అక్షర జంటల మేర, రెండు చుట్లకు కాస్త తక్కువగా, చుట్టుకుంటుంది. తాళ్లు, టేపులు అక్కర్లేదు. డీఎన్ఏది రుణావేశం, హిస్టోన్లది ధనావేశం, అవే అతుక్కుంటాయి. పైనుంచి అదిమిపట్టే ఐదో హిస్టోన్ పేరు హెచ్1. అంతా హెచ్1 చేతిలోనే ఉంటుందని తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

1884లో ఆల్బ్రెక్ట్ కాసెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు బాతుజాతి పక్షి రక్తంలో ఈ హిస్టోన్లను కనిపెట్టాడు. హెచ్4 అనే రకంలో 102 అమైనో ఆమ్లాలుంటే, బఠానీ మొక్కకూ ఆవుకూ తేడా రెండింట్లోనే. యుగాలు మారినా సర్దే పద్ధతి మారలేదు. మా ఇంట్లో ప్రయాణానికో పద్ధతి.

అసలు గొప్పతనం విప్పడంలో ఉంది. అడుగున పడ్డ ఒక్క కాగితం కోసం మనం పెట్టె మొత్తం బోర్లిస్తాం. కణం అలా కాదు. కావలసిన చోట, ఉండలోంచి బయటికి వేలాడే హిస్టోన్ తోకకు ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క తగిలిస్తుంది. అక్కడ పట్టు సడలి, ఆ జన్యువును చదవడానికి దారి దొరుకుతుంది. పక్కవాటికి నిద్రాభంగం ఉండదు.

ఇక నాన్నల సంగతి. వీర్యకణం దూరప్రయాణమని టెన్షన్ పడి, హిస్టోన్లను చాలావరకు పారేసి, ప్రోటమైన్లనే చిన్న ప్రోటీన్లతో గాలి తీసిన సంచీలా డీఎన్ఏను బిగించేస్తుంది. తీరా అండంలోకి చేరాక? ఆ ప్రోటమైన్లన్నీ పీకేసి, అమ్మ దాచిన హిస్టోన్లతో మళ్లీ మొదటి నుంచి సర్దుతారు.

ఇది నాన్నకు చదివి వినిపించాను. పేపర్లోంచి తల ఎత్తకుండానే, “అప్పటి నుంచేనన్నమాట” అన్నారు.