వత్తులు మానేద్దాం రండి

ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాం గానీ ఇక ఒప్పేసుకుందాం. వెబ్‌లో తెలుగు పడుతున్న పాట్లన్నిటికీ తప్పు తెలుగుదే. ప్రమాణాలు రాసేవాళ్ళది కాదు, సైట్లు కట్టేవాళ్ళది అసలే కాదు. 1963లో, కంప్యూటర్లో ఏ అక్షరానికి ఏ అంకె అని తేల్చే ఆస్కీ అనే అమెరికా ప్రమాణం రాసినవాళ్ళు పద్ధతిగా 128 గళ్ళు గీసి అంకెలకీ, కామాలకీ, ఇంగ్లీషు అక్షరాలకీ, ఆఖరికి మెషీన్లో గంట మోగించే ఓ సంకేతానికి కూడా తలా ఒక గడి ఇచ్చారు. గంటకి దొరికిన చోటు 'అ'కి దొరకలేదంటే, ఆ రోజు మనం లైన్లో లేటుగా నించున్నామనేగా అర్థం?

తర్వాత 1991లో, అన్ని భాషల అక్షరాలకీ అంకెలిచ్చే యూనికోడ్ వచ్చి మనకీ ఓ 128 గళ్ళ వాటా రాసిచ్చింది. ఆ మరుసటేడు కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు హోటల్లో భోజనానికి కూర్చుని, కంచం కింద వేసే కాగితం మీద, ఆ అంకెల్ని కంప్యూటర్లో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 లెక్క తేల్చేశారు. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, మనదానికి 3. మన అక్షరాలు ఎంత ఖర్చుదారువో చూడండి! 'స్త్రీ' అని రాస్తే మీ కంటికి ఒకే అక్షరం, లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, వెరసి 6 సంకేతాలు, 18 బైట్లు. వెబ్ పేజీల్ని ఆడించే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌ని దీని పొడవెంతమ్మా అనడిగితే తడుముకోకుండా 6 అంటుంది. కంటికి కనిపించే అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే యూనికోడ్ నియమాలే 2023 దాకా దీన్ని 3 ముక్కలు చేసేవి, 15.1 వెర్షన్‌లో గానీ సరేలే ఒకటే అని ఒప్పుకోలేదు. పలక మీద దిద్దే పిల్లని అడిగితే అయిపోయేది, కానీ ఆ పిల్ల యూనికోడ్ కమిటీలో లేదు కదా.

కమిటీ వాళ్ళకి మాత్రం పనులుండవా? పాత తెలుగు రాతల్లో 'న్'కి గుర్తుగా కనిపించే నకారప్పొల్లుకి 2021లో కోడ్ వచ్చింది. నవ్వుతున్న పెంటకుప్ప బొమ్మకి 2010లోనే వచ్చేసింది. ఏది ముందు అవసరమో లోకానికి తెలుసు.

ఇక 2018 ఫిబ్రవరి సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గే. 'జ్ఞా' అనే అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఓ గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ వాళ్ళు హడావిడిగా ఐఓఎస్ 11.2.6 వదలాల్సి వచ్చింది. అంత ఖరీదైన ఫోను జ్ఞానంలో మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయిందని కొందరు వెటకారమాడారు గానీ, అంత సున్నితమైన వస్తువు ముందుకి అంత మోటు అక్షరాన్ని పంపడం మన తప్పు కాదా?

ఆ కనపడని గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట' కింద 'వ' వత్తు పడకుండా అడ్డం పెడతామే, అదే. మీరు దాన్ని పెట్టి రాసి, నేను పెట్టకుండా వెతికితే చాలాచోట్ల మనిద్దరం ఈ జన్మలో కలుసుకోం.

వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీలో, అన్ని భాషలూ వెబ్‌లో ఇమిడేలా చూడ్డానికే ఓ బృందం ఉంది. ఆ పనికి పేరైన అంతర్జాతీయీకరణ అన్న మాటని వాళ్ళు 'ఐ18ఎన్' అని కుదించి రాస్తారు, మధ్యలో 18 అక్షరాలు మింగేశామని భావం (ఇంగ్లీషు స్పెల్లింగులో లెండి, ఇంకెందులో). పాపం వాళ్ళు చెప్పాల్సిందంతా శుభ్రంగా చెప్పారు. ఈ పేజీ ఏ భాషలో ఉందో పైన రాయండి బాబూ అని వెబ్ పేజీలు రాసే పద్ధతి చెప్పే 1997 నాటి హెచ్‌టీఎమ్‌ఎల్ 4లోనే ఉంది. రాస్తున్నారు కూడా. పేజీ నిండా తెలుగు పెట్టి, పైన 'భాష: ఇంగ్లీషు' అని రాస్తున్నారు. చూపులేనివాళ్ళకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ మాట నమ్మి ఇంగ్లీషు గొంతు వేసుకుని తయారవుతుంది, తర్వాత దాని తిప్పలు దానివి. ఈమెయిల్ అడ్రసు తెలుగులో పెట్టుకోవచ్చని 2012లోనే ప్రమాణం వచ్చింది. పెట్టుకుని చూడండి, నేను ఇక్కడే ఉంటా.

మొన్న ఒక సైట్లో ఫారం నింపాను. అంతా తెలుగులోనే ఉంది, ముచ్చటేసింది. 'మీ పేరు' అన్న డబ్బాలో పేరు తెలుగులో కొట్టాను. 'దయచేసి సరైన అక్షరాలు మాత్రమే వాడండి' అని ఎర్రగా వచ్చింది, తెలుగులో. ఆ వాక్యంలో ఒక్కటి కూడా దాని లెక్కలో సరైన అక్షరం కాదు. నేనేం వాదించలేదు. మర్యాదగా ఇంగ్లీషులో కొట్టి, కింద బటన్ వైపు చూశాను. వరస ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి కొలిచి పెట్టారల్లే ఉంది, కింద పడాల్సిన వత్తులన్నీ నున్నగా గొరిగేసినట్టు పోయాయి.

'ఇకడ నొకండి' అని ఉంది.

నొకాను.