కార్డు ఒడిశాది, ఆసుపత్రి విశాఖది

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లలో చాలామంది పెద్ద జబ్బు వస్తే దక్షిణం వైపే బయల్దేరతారు. పర్లాకిమిడి నుంచి భువనేశ్వర్ కంటే శ్రీకాకుళం, విశాఖ దగ్గర. పైగా బజారులో ఒడియా ఎంత బాగా మాట్లాడే మనిషైనా, 70 దాటాక గుండెల్లో పట్టేసినట్టుందో మంటగా ఉందో డాక్టరుకు చెప్పుకోవాలంటే తెలుగే కావాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. రోగులు ఆ గీతను ఎన్నడూ పట్టించుకోలేదు. బీమా పట్టించుకుంటుంది.

రిటైరైనవాళ్ల బీమా అనగానే అందరూ అడిగేది ‘కవరేజీ ఎంత?’ అని. సరిహద్దులో అది రెండో ప్రశ్న. కార్డు మీద ఐదు లక్షలున్నా పది లక్షలున్నా, దాన్ని ఏ ఊళ్లో ఏ ఆసుపత్రి తీసుకుంటుందన్నదే ముందు తేలాలి. ప్రభుత్వాలు మాత్రం లక్షల అంకె చూపించి పథకం గొప్పతనం చెబుతాయి.

కేంద్రం నడిపే ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్‌లో ఒడిశా చాలాకాలం చేరలేదు. 2018లో సొంతంగా బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన పెట్టుకుంది. 70 నిండినవాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి ఐదు లక్షల వైద్యం అన్న ఏర్పాటును కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టినా, ఒడిశాలో అది అందుబాటులోకి వచ్చింది 2025 ఏప్రిల్‌లో. పెన్షన్ ఎంత వచ్చినా అడ్డు కాదు, ప్రైవేటు పాలసీ ఉన్నా అడ్డు కాదు. దేశంలో ఎక్కడైనా ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చేరవచ్చు, ఖర్చు సొంత రాష్ట్రం పెట్టుకుంటుంది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

చిక్కు ఆసుపత్రి కౌంటరు దగ్గర వస్తుంది. అక్కడి కుర్రాడు ఆధార్ నంబరు కొడతాడు. స్క్రీన్ మీద ఒడిశా అని వస్తుంది. ‘ఒక్క నిమిషం సార్, అడిగి చెబుతా’ అని ఫోను పట్టుకుని లోపలికి పోతాడు. ఆసుపత్రి వైపు నుంచి ఆలోచిస్తే దీన్ని పూర్తిగా తప్పు పట్టలేం. సొంత రాష్ట్రం బిల్లుకే ఎదురుచూపులుంటే, పక్క రాష్ట్రం నుంచి రావలసిన డబ్బు కోసం ఎవరి వెంట పడాలి? ఇంకో మెలిక ఉంది. ఆసుపత్రులు జాబితాలో చేరేది విభాగాల వారీగా. ఎముకల విభాగం ఉండి గుండె విభాగం లేకపోవచ్చు. గోడ మీద ఎన్టీఆర్ వైద్య సేవ (ఆంధ్రలో పాత ఆరోగ్యశ్రీ) బోర్డు చూసి మన ఒడిశా కార్డు కూడా చెల్లుతుందనుకోకూడదు. ‘ఆయుష్మాన్‌లో ఉన్నారా, ఈ జబ్బుకు ఉన్నారా, వేరే రాష్ట్రం కార్డు తీసుకుంటారా’ అని మూడూ విడివిడిగా అడగాలి. అదీ జబ్బు రాకముందే. 14555కు ఫోను చేసి కూడా కనుక్కోవచ్చు.

ఈ పథకానికి ఆధారం ఆధారే. మన పెద్దవాళ్లలో ఎంతమందికి అందులో పుట్టినరోజు జనవరి 1 అని ఉందో లెక్కలేదు. నిజంగా 72 ఏళ్లున్నా, కార్డులో 68 అని ఉంటే 68 కిందే లెక్క.

ఇటు నుంచి అటు వెళ్లేవాళ్ల పరిస్థితి ఇంకా ఇబ్బంది. ఇచ్ఛాపురంలో రిటైరై, కొడుకు దగ్గరుందామని బరంపురం చేరిన దంపతులనే తీసుకోండి. రెండు ఊళ్ల మధ్య దూరం ఏమంత లేదు. కానీ ఆంధ్ర ప్రభుత్వం 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని రాష్ట్రం బయటికి విస్తరించినప్పుడు ఎంచుకున్నవి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై. శ్రీకాకుళం ఉత్తరపు కొసన ఉన్నవాళ్లకు ఎదురుగా కనిపించే బరంపురం ఆ నిర్ణయంలో లేదు. రాజధానుల నుంచి చూస్తే సరిహద్దు అంటే మహానగరాలే గుర్తొస్తాయి కాబోలు.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లది వేరే కథ. వాళ్ల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్ లేని ఊళ్లో ఉండేవాళ్లకు నెలకు 1,000 రూపాయల మెడికల్ అలవెన్సు ఇస్తారు. చాలామంది అది తీసుకుని, ఇక సీజీహెచ్‌ఎస్‌తో పనిలేదనుకుంటారు. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. రోజువారీ మందులకు అలవెన్సు తీసుకుంటూనే, చందా కట్టి ఆసుపత్రిలో చేరే వైద్యానికి సీజీహెచ్‌ఎస్ కార్డు పెట్టుకోవచ్చు. పదేళ్ల చందా ఒకేసారి కడితే జీవితాంతం చెల్లే కార్డు వస్తుంది. విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ సీజీహెచ్‌ఎస్ ఉంది కాబట్టి, సరిహద్దు ఊళ్లో ఉండేవాళ్లు నిజంగా వెళ్లేది ఎక్కడికో చూసుకుని అక్కడే నమోదవడం మంచిది. 70 దాటాక సీజీహెచ్‌ఎస్, ఆయుష్మాన్ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఆయుష్మాన్ ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. సీజీహెచ్‌ఎస్‌లో ఓపీ, మందులు కూడా ఉంటాయి. తొందరపడి మార్చుకోవద్దు.

రైల్వే పెన్షనర్లకు రైల్వే వైద్యం కోసం ఇచ్చే ఉమీద్ కార్డు ఉంది కనుక కాస్త నిశ్చింత. అయితే వాల్తేరు డివిజన్ నుంచి రాయగడ డివిజన్‌ను విడదీయాలని నిర్ణయించారు కాబట్టి, బయటి ఆసుపత్రికి రిఫరల్ ఇకపై ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో రాయగడ, కోరాపుట్‌లలో ఉంటున్న పాత ఉద్యోగులకు అధికారులు ముందే స్పష్టంగా చెప్పాలి.

ప్రైవేటు పాలసీల్లో ఈ మధ్య మంచి మార్పులే వచ్చాయి. కంపెనీలు కనీసం 65 ఏళ్ల వరకు కొత్త పాలసీ ఇస్తే చాలన్న పాత పరిమితి 2024 ఏప్రిల్ నుంచి లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఎదురుచూసే గడువు నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న పోయింది. మకాం మార్చేవాళ్లు చూసుకోవలసింది మాత్రం జోన్. కొన్ని కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడగొట్టి ప్రీమియం వేస్తాయి. చిన్న ఊరి జోన్‌లో తక్కువ కట్టి, పెద్ద నగరంలో చేరితే బిల్లులో కొంత శాతం మన జేబులోంచి పోతుంది. ఏజెంటు చెప్పేది తక్కువ ప్రీమియం గురించే. నగదు కట్టకుండా నెట్‌వర్క్ (కంపెనీ జాబితా) బయటి ఆసుపత్రిలో చేరే వీలు 2024 జనవరి నుంచి ఉంది. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోగా కంపెనీకి చెప్పాలి. ఊరు మారాం కదా అని పాత పాలసీ వదిలేసి కొత్తది తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బుల ఎదురుచూపు మళ్లీ మొదటికొస్తుంది. కంపెనీ మారాలంటే రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు పోర్టింగ్‌కు దరఖాస్తు చేయాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లేవాళ్లకు ఇవేవీ సాధారణంగా పనికిరావు. ట్రావెల్ పాలసీ వేరేగా తీసుకోవాలి, షుగరు, బీపీ దాచకుండా రాయాలి.

కొటియా గ్రామాలు మావంటే మావని కొట్లాడుకునే రెండు రాష్ట్రాలూ అక్కడివాళ్లకు పోటీపడి కార్డులిస్తాయి. ఆ ఉత్సాహంలో పదో వంతు మిగతా సరిహద్దు మీద చూపినా చాలు. ఒడిశా ఆరోగ్య సంస్థ, ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు కూర్చుని, పక్క రాష్ట్రం రోగుల బిల్లులు ఎన్ని రోజుల్లో చెల్లించాలో గడువు పెట్టుకోవాలి. విశాఖ, శ్రీకాకుళం, బరంపురంలలో ఏ ఆసుపత్రి ఏ జబ్బుకు రెండు కార్డులూ తీసుకుంటుందో ఒకే జాబితాగా, తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చువేసి, కార్డు ఇచ్చేటప్పుడే చేతిలో పెట్టాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ పెద్దగా అక్కర్లేదు.