కాఫీ తాగాక చెమ్మ కనిపించదు

నెల్లూరులో ఇల్లు కొనాలంటే డబ్బు కావాలని అందరూ అంటారు. అది తర్వాత సంగతి. ముందు కాఫీ వద్దనగలిగే గుండె కావాలి.

రెండేళ్లుగా ఆదివారమొస్తే ఇళ్లు చూడటమే పని. నా లెక్కలో ఇప్పటికి 23 ఇళ్లు, మా ఆవిడ లెక్కలో 24. బాలాజీనగర్‌లో ఒకసారి పొరపాటున పక్కవాళ్లింట్లోకి వెళ్లి చూసొచ్చాం, దాన్ని కలపాలా వద్దా అన్నది మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు. వాళ్లు కూడా వంటిల్లు చూపించారు, మిద్దె ఎక్కించారు, కాఫీ ఇచ్చారు. గేటు దాకా సాగనంపి అప్పుడడిగారు, "ఇంతకీ మీరెవరండీ?" అని.

ఇంత అనుభవంతో ప్రభుత్వం వారికి ఒక్కటే మనవి. అమ్మకానికి పెట్టిన ఇంట్లో, చూడ్డానికొచ్చిన వాళ్లకు కాఫీ ఇవ్వడాన్ని వెంటనే నిషేధించాలి. ఇది వేళాకోళం కాదు. గడప దాటగానే "ఎంతసేపండీ, ఒక్క గుక్క" అంటారు. వద్దంటే ఇంటామె మొహం చిన్నబోతుంది. తాగామా, ఇక అయిపోయినట్టే. వాళ్ల డికాషన్ గొంతులో ఉండగా, వాళ్ల స్లాబు కారుతోందని ఏ నోటితో అంటాం? స్టీలు గ్లాసు చుర్రుమంటుంటే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ పైకి చూస్తాం, పెచ్చులూడిన చోటు కనిపిస్తుంది. నోరు తెరిస్తే మాత్రం "ఫ్యాను భలే తిరుగుతోందండీ" అని వస్తుంది. నేను ఇప్పటికి పదకొండు ఇళ్లలో ఫ్యాన్లను మెచ్చుకున్నాను.

మన రాష్ట్రంలో ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, వెరసి ఏడున్నర. రూపాయి తేడా లేకుండా ఎక్కడికక్కడ రాసిపెట్టి ఉంటుంది. గ్లాసు కాఫీకి మొహమాటపడి మనం వదులుకునే బేరం మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. ఈసీ అయినా అంతే, అదే, ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా. 30 ఏళ్లకు తీయిస్తే రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు అన్నీ వరసగా పడతాయి. చెమ్మ పడదు. పక్కింటివాళ్ల కుక్క పడదు.

కాఫీ లేకపోతే నిజం ఎంత సులువుగా బయటికొస్తుందో వేదాయపాళెంలో తెలిసింది. అది ఫ్లాటు. ఓనరు బెంగళూరులో ఉంటాడు, అద్దెకున్నవాళ్లు తలుపు తీశారు. మా బ్రోకరు నేరుగా పోయి బాత్రూం తలుపు కొట్టాడు. లోపల నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"పార్టీ వచ్చుండారు సార్. బాత్రూం చూడాలంట."

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత లోపల్నుంచి గంభీరంగా ఒక గొంతు వచ్చింది.

"ఎనిమిది బై అయిదు. గీజరు నాది, ఇంటితో రాదు. ఎగ్జాస్టు ఫ్యాను పోయి ఏడాదైంది, ఓనరుకు పదిసార్లు చెప్పా. బోరు నీళ్లు ఉప్పన. నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగలాలనుకుంటే కొనొద్దని చెప్పు."

నేను ఏ గదినీ ఇంత క్షుణ్ణంగా చూసెరగను, అదీ చూడకుండా. ఆయన చేతిలో చెంబుంది, నా చేతిలో గ్లాసు లేదు, మధ్యలో తలుపుంది. ఇళ్ల బేరాలకు ఇంతకు మించిన ఏర్పాటు ఉంటుందనుకోను.

కొలతల గురించి ఒక్క మాట. మా ఊళ్లో ఇళ్ల స్థలాలు అంకణాల్లో నడుస్తాయి. అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. సెంటుకు ఆరు అంకణాల పైచిలుకు. మా బ్రోకరు స్థలాన్ని అడుగుల్లో చెబుతాడు, ధరను గజాల్లో చెబుతాడు. 1440 అడుగులంటే క్రికెట్ ఆడుకోవచ్చుననిపిస్తుంది. అదే 20 అంకణాలంటే "ఏందబ్బా, ఇంతేనా" అనిపిస్తుంది. ఇక వాస్తు చూసేవాళ్లకు ఇప్పుడు ఫోన్లోనే దిక్సూచి ఉంది. ఒకచోట వాస్తు చూసే ఆయన ఇనప గ్రిల్లు పక్కన నిలబడేసరికి తూర్పు కాస్తా పక్కకు జరిగింది. బ్రోకరు "ఇటు రాండి సామీ" అని ఆయన భుజం పట్టుకుని రెండడుగులు జరిపి, తూర్పును మళ్లీ దాని చోట్లో పెట్టాడు.

ఎందుకమ్ముతున్నారని అడిగితే మాత్రం ఊరంతా ఒకటే జవాబు. "కలిసొచ్చిన ఇల్లండీ." కలిసొచ్చింది గనకే అమ్ముతున్నారట. కలిసిరాని ఇల్లు అమ్మేవాడు నాకింతవరకూ ఒక్కడూ తగల్లేదు. పాపం వాళ్లంతా ఆ ఇళ్లలోనే ఉండిపోయి ఉంటారు.

పెన్నకు దగ్గర్లో ఒక ఇల్లు చూశాం. హాల్లో వెంకటేశ్వరస్వామి క్యాలెండరు మోకాలెత్తులో వేలాడుతోంది. పడగ్గదిలో వినాయకుడు, వంటింట్లో లక్ష్మీదేవి, అందరూ అదే ఎత్తులో, దారం పట్టి కొలిచినట్టు. భక్తి నాకూ ఉంది గానీ, ఏకాదశి ఎప్పుడో చూసుకోవడానికి బాసింపట్టు వేసుక్కూర్చోవడం ఎక్కడా చూడలేదు. అడిగేశాను.

"పిల్లలకు అందాలనండీ" అంది ఇంటామె.

పిల్లలిద్దరూ కెనడాలో ఉద్యోగాలు చేస్తున్నారని అంతకు పది నిమిషాల ముందే చెప్పింది. 2021 నవంబరులో పెన్న పొంగితే పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది, చెన్నై వైపు పోవాల్సిన బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. దేశమంతా టీవీల్లో చూసింది. ఆ వీధిలో మాత్రం ఎవరికీ పెద్దగా గుర్తులేదు. "మెట్ల దాకా వచ్చి చూసి పోయినాయండీ నీళ్లు" అంది ఆవిడ, చుట్టం గురించి చెప్పినట్టు. వంగి ఆ క్యాలెండరు ఎత్తి చూసేవాణ్ణే. అప్పటికే గ్లాసు చేతికొచ్చేసింది. ఫ్యాను భలే తిరుగుతోందని చెప్పి బయటపడ్డాం.

కిందటి ఆదివారం మూలాపేటలో పాత ఇల్లు. వీధి మలుపులోనే బ్రోకరు బండి ఆపాడు.

"సార్, లోపల పెద్దాయన ఉంటాడు. ఇల్లు అమ్మే సంగతి ఆయనకు తెలీదు. మీరు ఇంటర్నెట్టోళ్లని చెప్పుండాం."

"ఇల్లు ఎవరి పేరున ఉంది?"

"ఆయన పేరునే."

"మరి సంతకం?"

"ఆ రోజుకు చెప్తాంలే సార్. బీపీ మనిషి, ఇప్పట్నుంచే టెన్షన్ ఎందుకు?"

పెద్దాయన పడక్కుర్చీలో ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి, "రా నాయనా, నిన్నట్నుంచీ ఎర్రలైటే వెలగతా ఉంది" అన్నాడు. ఇక తప్పుతుందా? టీవీ వెనక్కి దూరి, ఆ డబ్బా స్విచ్చాపి, ముప్పై లెక్కపెట్టి మళ్లీ వేశాను. నాకు తెలిసిన ఇంటర్నెట్టు అంతే. పచ్చలైటు వెలిగింది. నా మొత్తం సర్వీసులో నా వంక ఎవరూ అంత కృతజ్ఞతగా చూడలేదు. ఈలోగా మా ఆవిడ పూజగదిలో టేపు పట్టింది.

"ఇంటర్నెట్టుకు దేవుడి గది కొలతెందుకమ్మా?"

"సిగ్నల్ కోసమండీ" అంది మా ఆవిడ, తడుముకోకుండా.

బ్రోకరుకు ఫోనొచ్చి బయటికి పోయాడు. పెద్దాయన కుర్చీని నా వైపు జరుపుకున్నాడు.

"ఇంతకీ మావాడు అంకణం ఎంత చెప్పాడు?"

నేను నీళ్లు నమిలాను. ఆయన అలాగే చూస్తున్నాడు. చివరికి చెప్పేశాను.

"ఎక్కువ చెప్పాడు" అన్నాడు. "వాడికి చిన్నప్పట్నుంచీ లెక్కలు రావు."

"మీకు తెలుసా అండీ?"

"ఈ నెల్లో మీరు నాలుగోవాళ్లు నాయనా. మొదటొచ్చినాయన కరెంటాఫీసని చెప్పి ఫ్యూజు పీకి పోయాడు, రాత్రంతా దోమల్లో పడుకున్నాం. మీరే నయం, లైటన్నా వెలిగించారు."

వంటింట్లోంచి గ్లాసుల చప్పుడు, వెనకే కాఫీ వాసన. కోడలు గుమ్మం దాకా వచ్చింది. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఉండమ్మాయ్. కాసేపాగి తే."

మళ్లీ నా వైపు తిరిగాడు.

"నైరుతి గదిలో బీరువా చూశావా?"

"చూశానండీ. పాతకాలపు బీరువా, చాలా బాగుంది."

"దాని వెనక?"

నేను మాట్లాడలేదు. ఆయన మెల్లగా లేచి, పంచె ఎగ్గట్టుకుని ఆ గదిలోకి నడిచాడు.

"ముందు దీన్ని జరుపుదాం పట్టు. కాఫీ తర్వాత తాగుదువు."

బ్రోకరు లోపలికొచ్చేసరికి బీరువాకు ఆయన ఆ పక్క, నేను ఈ పక్క ఉన్నాం.