మందు సరే, ఊపిరి పీల్చడం ఎవరు నేర్పాలి?

రోజూ ఇన్‌హేలర్ వాడితే అలవాటు పడిపోతామేమో, గుండె దెబ్బతింటుందేమో, చివరికి అది లేకుండా బతకలేమేమో... ఈ భయాల మీద చర్చ ఇంకా సాగుతూనే ఉంది. నిజానికి ఆ తగవు ఎప్పుడో తేలిపోయింది. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఆస్తమా ఉన్నవాళ్ల రికార్డులు తిరగేసి 2000లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఏడాదిలో అదనంగా వాడిన ఒక్కో స్టెరాయిడ్ ఇన్‌హేలర్ డబ్బాకూ ఆస్తమా మరణాల రేటు 21 శాతం చొప్పున తగ్గిందని అందులో తేలింది. మందు కొనసాగించినవాళ్లతో పోలిస్తే, మానేసినవాళ్లలో మొదటి మూడు నెలల్లో మరణాల రేటు ఎక్కువగా కనిపించింది. భయపడాల్సింది వాడటానికా, మానడానికా?

స్టెరాయిడ్ అన్న మాట చెవిన పడితే చాలు, ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. రోజూ పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మామూలుగా రోజుకు కొన్ని వందలు. అది మానేసి, ఆయాసం ముదిరాక ఆసుపత్రికి పరుగెత్తితే ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాదు కనుక బరువుకు బరువు పోల్చలేం. కానీ మొదటిది ప్రధానంగా ఊపిరి గొట్టాల్లో పనిచేస్తుంది, రెండోది ఒళ్లంతా తిరుగుతుంది. సైడ్ ఎఫెక్టులకు జడిసి చిన్న మోతాదు వదిలేసినవాళ్లే చివరికి పెద్ద మోతాదు మింగుతున్నారు. పిల్లల ఎత్తు మాటేమిటంటారా? దాచాల్సిన పనిలేదు. చిన్నప్పుడు నాలుగు నుంచి ఆరేళ్లపాటు బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పీల్చిన పిల్లలు, పెద్దయ్యాక మిగతావాళ్లకన్నా సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని 2012లో వచ్చిన అమెరికా అధ్యయనం చెప్పింది. పిల్లికూతలతో నిద్రపట్టక మంచం మీద లేచి కూర్చునే బిడ్డను చూసిన ఏ తల్లయినా ఆ సెంటీమీటరు గురించి రెండోసారి ఆలోచించదు.

కాబట్టి మందును ముద్దాయిని చేయడం ఇక చాలు. నా ఫిర్యాదంతా మందును డబ్బాలో పెట్టి, డబ్బాను చేతిలో పెట్టి, "రోజుకు రెండుసార్లు పీల్చండి" అని పంపించేసే పద్ధతి మీద.

నొక్కితే స్ప్రే వచ్చే ఇన్‌హేలర్ 1956లో మార్కెట్లోకి వచ్చింది. దాదాపు డెబ్భై ఏళ్లు. జనం దాన్ని ఎలా వాడుతున్నారో చూసిన 144 అధ్యయనాలను కలిపి, 54,000 మందికి పైగా రోగుల వివరాలతో 2016లో ఒక సమీక్ష వచ్చింది. సరిగ్గా వాడుతున్నవాళ్లు 31 శాతం. బాగా తప్పుగా వాడుతున్నవాళ్లూ సరిగ్గా అంతే, 31 శాతం. ఇంకా విడ్డూరమేమిటంటే, నలభై ఏళ్లలో ఈ లెక్కలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. మందులు మారాయి, కంపెనీలు మారాయి, ధరలు మారాయి. సరిగ్గా వాడనివాళ్లు, అంటే మూడింట రెండు వంతుల మంది మాత్రం అక్కడే ఉన్నారు. మూడింట రెండు వంతుల మంది తప్పు చేస్తున్నారంటే అది వాళ్ల అజాగ్రత్త అనడానికి నోరెలా వస్తుంది? పదిమందిలో ఏడుగురు ఫెయిలయ్యే తరగతిలో మొదట అడగాల్సింది మాస్టారిని. పైగా ఈ తరగతిలో మాస్టారికీ పాఠం రాదు. వైద్య సిబ్బందిని ఇన్‌హేలర్ వాడి చూపించమన్న అధ్యయనాల్లో చాలామంది అన్ని మెట్లూ సరిగ్గా చేయలేకపోయారు.

ఆ మెట్లేమిటో ఒకసారి చూడండి. స్ప్రే రకమైతే డబ్బాను బాగా కుదపాలి. కొత్తదైనా, కొన్నాళ్లు వాడనిదైనా ముందు గాల్లోకి కొన్నిసార్లు కొట్టాలి. మూత తీశాక గొట్టంలోకి ఓసారి తొంగిచూడాలి, ఎందుకంటే మూత పెట్టకుండా జేబులోనో సంచిలోనో పడేస్తే లోపల చిల్లర నాణేలు ఇరుక్కుని, మందుతోపాటు గొంతులోకి పోయిన సంఘటనలు వైద్య పత్రికలకెక్కాయి. ఊపిరి పూర్తిగా వదలాలి. పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ అప్పుడే డబ్బా నొక్కాలి. నొక్కాక ఆగకుండా నాలుగైదు సెకన్లు లోపలికి పీలుస్తూనే ఉండాలి, ఆ తర్వాత పది సెకన్ల దాకా బిగపట్టాలి. రెండో పఫ్ కావాలంటే అరనిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్లీ కుదిపి, మళ్లీ మొదటినుంచి. నోటి మూల నుంచో ముక్కులోంచో తెల్లటి పొగలా బయటికి వస్తే ఆ పఫ్ పోయినట్టే. ఇన్ని చేసినా మామూలు స్ప్రేలో ఊపిరితిత్తులకు చేరేది పది, ఇరవై శాతమే. మిగతాదాంట్లో చాలావరకు గొంతుకు అంటుకుంటుంది. స్టెరాయిడ్ పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయమనేది అందుకే. ఉమ్మకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు రావచ్చు. ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం, అదే స్పేసర్, తగిలిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాలన్న హైరానా కూడా ఉండదు. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరబెట్టాలి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ మీద స్టాటిక్ విద్యుత్ పుట్టి మందును పట్టేసుకుంటుంది. ఈ చివరి ముక్క ఎంతమందికి తెలుసు?

ఇక పొడి పీల్చే రకానికి వస్తే అంతా తలకిందులు. నెమ్మదిగా పీలిస్తే పొడి సరిగ్గా విడిపోదు, ఊపిరితిత్తుల దాకా వెళ్లదు. గట్టిగా, వేగంగా, ఒక్క ఊపున లాగాలి. అందులోకి పొరపాటున ఊపిరి వదిలితే పొడి తడిసిపోతుంది. కొన్నింట్లో క్యాప్స్యూల్ పెట్టి, పరికరంలోనే ఉండే సూదితో దానికి చిల్లు పెట్టాలి, కొన్నింట్లో మీట లాగాలి, కొన్నింట్లో అడుగు తిప్పాలి. పీల్చాల్సిన క్యాప్స్యూళ్లను జనం మింగేస్తున్నారని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. క్యాప్స్యూల్ అంటే మింగేదని అనుకున్న మనిషిని తప్పుపట్టలేం. తప్పు, చూపించకుండా చేతిలో పెట్టినవాళ్లది.

ఇన్ని రకాలు అవసరమా? అమెరికాలో 1986 నుంచి 2020 వరకు ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) కోసం అనుమతి పొందిన 62 ఇన్‌హేలర్లను పరిశోధకులు పరిశీలించారు. వాటిలో కొత్త విధానంలో పనిచేసే మందు ఉన్నది ఒకే ఒక్కటి. పేటెంట్లలో సగానికి పైగా మందు మీద కావు, పరికరం మీద. పాత మందునే ఒక పరికరం నుంచి తీసి ఇంకో పరికరంలో పెట్టి, గుత్తాధిపత్యం గడువు పొడిగించుకుంటూ వచ్చారు. లాయర్లకు అది తెలివైన ఎత్తు. రోగికి మాత్రం నిన్నటిదాకా నెమ్మదిగా పీల్చమన్న ఊపిరిని రేపటినుంచి గట్టిగా లాగమనడం.

ఇన్ని రకాలూ కావాల్సిందే అనే ఎదుటిపక్షం చెప్పేదాంట్లో కొంత నిజముంది. కీళ్ల నొప్పులున్న చేతులు స్ప్రే నొక్కలేవు, సీఓపీడీ ముదిరినవాళ్లకు పొడిని గట్టిగా లాగే శక్తి ఉండదు, అందరికీ ఒకే పరికరం సరిపోదు. ఒప్పుకుంటాను. కానీ ఆ మాట నిజమైతే, ఎవరికి ఏది సరిపోతుందో తేల్చడానికి మనిషి పీలుస్తుంటే ఒకసారి చూడాలి కదా? ఆ చూడటమే జరగడం లేదు. పెట్టెలో కాగితం ఉందిగా అంటారా, ఆ అక్షరాలు చదవడానికి ఇంకో పరికరం కావాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వస్తున్నాను. తప్పుగా పీల్చే మనిషికి మందు సరిగ్గా పనిచేయదు. డాక్టర్ దగ్గరికెళ్లి "తగ్గలేదండీ" అంటాడు. ఎలా పీలుస్తున్నావో చూపించమని అడగకుండా డోసు పెంచుతారు. ఈసారి మందు గొంతులో ఇంకాస్త ఎక్కువ పడుతుంది, పొట్టలోకి వెళ్తుంది, కొంత రక్తంలోకీ చేరుతుంది. ఊపిరితిత్తులకు చేరేది మాత్రం అంతంతే. ఎక్కువ డోసు ఏళ్ల తరబడి సాగితే, ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను సహజంగా తయారుచేసే అడ్రినల్ గ్రంథి మందగించవచ్చు, ఎముకలు, కళ్లు కూడా గమనించుకోవాలి. అలాంటివాళ్లు ఉన్నట్టుండి మానేయడం మరీ ముప్పు. చూశారా, రోగి మొదట భయపడిన సైడ్ ఎఫెక్టులన్నీ వచ్చేశాయి, రావాల్సిన మేలు తప్ప. ఇన్‌హేలర్ భద్రత అంటే నా దృష్టిలో ఈ గొలుసును మొదటి లింకు దగ్గర తెంపడమే. పీల్చడం చూడకుండా డోసు పెంచడాన్ని నేను వైద్యపరమైన పొరపాటనే అంటాను, మర్యాదగా చెప్పడానికి నాకు ఇంకో పేరు దొరకలేదు.

రెండు ఇన్‌హేలర్లు ఉన్నవాళ్ల సంగతి ఇంకో కథ. ఆయాసం వచ్చినప్పుడు కొట్టే రిలీవర్ నిమిషాల్లో హాయినిస్తుంది కనుక దాన్నే నమ్ముకుంటారు. రోజూ వాడాల్సిన కంట్రోలర్ వెంటనే ఏమీ చేసినట్టు కనపడదు కనుక అటకెక్కుతుంది. బ్రిటన్‌లో ఆస్తమా మరణాలపై 2014లో వచ్చిన జాతీయ సమీక్షలో, చనిపోయేనాటికి రిలీవర్ వాడుతూ ఎన్ని డబ్బాలు తీసుకున్నారో లెక్క దొరికినవాళ్లలో 39 శాతం మందికి అంతకుముందు ఏడాదిలో 12కు పైగా డబ్బాలు రాసిచ్చారు. నెలకొకటి చొప్పున ఇస్తూ పోయిన చేతులకు అనుమానం రాలేదు. ఆస్తమాకు ఆ రిలీవర్ ఒక్కదానితో నెట్టుకురావద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే గీనా 2019లో తేల్చిచెప్పింది. అలాగే, ఊపిరి గొట్టాలను ఎక్కువసేపు తెరిచి ఉంచే సాల్మెటెరాల్ వంటి మందును ఆస్తమాలో స్టెరాయిడ్ తోడు లేకుండా వాడకూడదు. 26,000 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో సాల్మెటెరాల్ తీసుకున్నవైపు 13 ఆస్తమా మరణాలు, ఉత్తుత్తి మందు తీసుకున్నవైపు 3 నమోదయ్యాయి. స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చే ఇన్‌హేలర్లపై ఉన్న పెద్ద హెచ్చరికను మాత్రం, వాటి భద్రత రుజువయ్యాక, 2017లో తొలగించారు. సీఓపీడీలో లెక్క వేరు. అక్కడ స్టెరాయిడ్ లేకుండా ఆ మందులు వాడొచ్చు, స్టెరాయిడ్ అందరికీ అక్కర్లేదు, న్యుమోనియా ముప్పు పెంచుతుంది కూడా. అందుకే ఒకరి డబ్బా ఇంకొకరు వాడటం, జబ్బు పేరు అడగకుండా "అదే ఇన్‌హేలర్" తెచ్చుకోవడం కూడదు.

ఈ వ్యవహారమంతా ఇన్‌హేలర్‌తో ఆగేది కాదు. ఇన్సులిన్ పెన్ను, కంట్లో వేసే చుక్కలు, ఇంట్లో బీపీ చూసుకునే మెషీన్... అన్నింటా ఇదే తంతు. వైద్యంలో వస్తువుకు ధర ఉంది, బిల్లు ఉంది, ప్రచారం ఉంది. వస్తువును వాడటం నేర్పే అయిదు నిమిషాలకు చాలాచోట్ల బిల్లు లేదు. బిల్లు లేనిది ఎవరి పనీ కాదు. డాక్టర్ నర్సు చెబుతుందనుకుంటారు, నర్సు మందులిచ్చేవాళ్లు చెబుతారనుకుంటుంది, వాళ్లు డాక్టర్ చెప్పే ఉంటారనుకుంటారు. నేర్పడాన్ని కూడా మందులాగే రాసివ్వాలి, దానికీ డబ్బు చెల్లించాలి, చేసినట్టు సంతకం ఉండాలి. పరికరం మారిన ప్రతిసారీ, మందు అదే అయినా సరే, మళ్లీ చేయించి చూడకుండా ఇవ్వకూడదన్న నిబంధన రావాలి. ఒకసారి నేర్పితే సరిపోదు కూడా, కొన్ని నెలల్లోనే పాత తప్పులు తిరిగొస్తాయి.

ఆ నిబంధన వచ్చేదాకా రోగి చేయగలిగింది ఒకటుంది. ఈసారి వెళ్లేటప్పుడు ఇన్‌హేలర్, స్పేసర్ రెండూ వెంట తీసుకెళ్లండి. కుర్చీలో కూర్చోగానే అడగకుండానే బయటికి తీసి, పీల్చి చూపించండి. డోసు పెంచే మాట దాని తర్వాత మాట్లాడుకోవచ్చు.